హాకీ బూట్లు, పాదాల నొప్పి: రాయ్‌పూర్ టర్ఫ్ నుంచి లేహ్ మంచు దాకా

హాకీ ఆడేవాళ్ల పాదాలకు రెండు రకాల బాధలు. బంతో, మంచు హాకీలో బంతికి బదులు వాడే ‘పక్’ అనే బిళ్లో, ఎదుటివాడి కర్రో తగిలి వచ్చేది ఒకటి. తొడుక్కున్న బూటే తెచ్చిపెట్టేది రెండోది. మొదటిదాన్ని అందరూ వెంటనే గుర్తిస్తారు. రెండోది బొబ్బగా మొదలై ఆనెగా గట్టిపడుతుంది, బొటనవేలి గోరును నల్లబరుస్తుంది, పొద్దున్నే మంచం దిగగానే మడమలో పోటై పొడుస్తుంది. కొత్త చెప్పు కరవడం మామూలేనన్న అలవాటు కొద్దీ ఆటగాళ్లు దాన్ని నెలల తరబడి ఓర్చుకుంటారు. నిజానికి ఇందులో చాలా భాగం ఓర్చుకోనక్కర లేని నొప్పి. బూటు వెడల్పు సరిపోయి, మడమ కదలకుండా కూర్చుని, లేసు తగినచోట తగినంత బిగిస్తే అది మొదలే కాదు.

టర్ఫ్ మీద ఆడే బూటుకూ, మంచు మీద జారే స్కేటుకూ, చక్రాల స్కేటుకూ తయారీలో తేడాలు చాలా ఉన్నాయి. పాదాన్ని నొప్పించే తీరులో మాత్రం ఈ మూడూ దగ్గరి చుట్టాలే.

రాయ్‌పూర్, చుట్టుపక్కల హాకీ

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ఊరు. ఇక్కడ హాకీ అంటే టర్ఫ్ మీద ఆడేదే. నగరంలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అంతర్జాతీయ హాకీ స్టేడియంలో 2015 నవంబరు 27 నుంచి డిసెంబరు 6 వరకు పురుషుల హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్ జరిగింది. ఎనిమిది జట్లు తలపడిన ఆ పోటీలో ఆస్ట్రేలియా 2-1తో బెల్జియంను ఓడించి టైటిల్ గెలిచింది. కాంస్య పతకం కోసం నెదర్లాండ్స్‌తో ఆడిన భారత జట్టు 5-5తో సమంగా నిలిచి, షూటౌట్‌లో 3-2తో నెగ్గింది. 1982 చాంపియన్స్ ట్రోఫీ కాంస్యం తర్వాత అంతర్జాతీయ హాకీ సమాఖ్య ప్రధాన పోటీల్లో సీనియర్ పురుషుల జట్టు పతకం చూడటం మళ్లీ అప్పుడే.

రాయ్‌పూర్‌కు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజ్‌నంద్‌గావ్‌ను ‘హాకీ నర్సరీ’ అంటారు. మహంత్ రాజా సర్వేశ్వర దాస్ పేరిట అక్కడ జరిగే అఖిల భారత టోర్నమెంటుకు దేశమంతటి నుంచీ జట్లు వస్తాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన రేణుకా యాదవ్‌ది ఆ ఊరే. పద్మశ్రీ అందుకున్న సబా అంజుమ్ దుర్గ్‌కు చెందిన క్రీడాకారిణి. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, 1960లో రజతం గెలిచిన లెస్లీ క్లాడియస్ 1927లో బిలాస్‌పూర్‌లో పుట్టాడు.

రైల్వే, భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగాల వల్ల ఈ పట్టణాలన్నింటా తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. హాకీలో తెలుగువారి పేర్లు చెప్పాలంటే మూడు ఒలింపిక్స్ ఆడిన హైదరాబాదీ ముకేశ్ కుమార్, భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా నిలిచిన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఇతిమరపు రజని ముందు గుర్తుకొస్తారు.

మూడు నేలలు, మూడు రకాల బూట్లు

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ గడ్డి మైదానం వదిలి కృత్రిమ టర్ఫ్ ఎక్కింది. అంతకుముందు మెత్తని నేల మీద కాలు కాస్త జారేది. ఆ జారుడే వేళ్లకూ కీళ్లకూ రక్షణగా ఉండేది. తడి నేల మరీ ఇబ్బంది పెడితే బూటు విప్పి ఆడినవాళ్లూ ఉన్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్ రెండో సగంలో ధ్యాన్‌చంద్ స్పైకు బూట్లు తీసేసి ఆడాడని హాకీ లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మ్యాచ్‌లో భారత్ 8-1తో జర్మనీని ఓడించింది.

టర్ఫ్ మీద ఆ వెసులుబాటు లేదు. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో ఆటగాడు నడుం వంచి పరుగెత్తుతాడు, ఉన్నట్టుండి ఆగుతాడు, పక్కకు తిరుగుతాడు. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలున్న టర్ఫ్ షూ నేలను గట్టిగా పట్టేస్తుంది. బూటు ఆగుతుంది, లోపలి పాదం ఆగదు. అది ముందుకు దూసుకుపోయి వేళ్లు బూటు కొసకు గుద్దుకుంటాయి. కృత్రిమ టర్ఫ్ మీద మెత్తటి బూటుతో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు బొటనవేలి కీలు వెనక్కి విరుచుకుపోవడాన్ని బోవర్స్, మార్టిన్ అనే పరిశోధకులు ‘టర్ఫ్ టో’ పేరుతో వివరించిందీ 1976లోనే. గోల్‌కీపర్ల సంగతి వేరు. బూటు మీద ఫోమ్‌తో చేసిన కిక్కర్లు పట్టీలతో బిగించుకోవాలి. ఆ పట్టీలు అతిగా బిగిస్తే పాదమంతా తిమ్మిరెక్కుతుంది.

మంచు హాకీ స్కేటు ఇందుకు దాదాపు తలకిందులు. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు మీద ఒంటి బరువంతా నిలబెట్టాలి కాబట్టి బూటును చీలమండ పైదాకా, దాదాపు వంగనంత గట్టిగా చేస్తారు. లోపల పాదం కదిలిందంటే బ్లేడు మాట వినదు. అందుకే స్కేటు కాలికి అతుక్కున్నట్టు ఉండాలి. టర్ఫ్ షూలో వేళ్ల ముందు వదిలే ఖాళీ ఇందులో వదలరు. ఈ గట్టిదనమే మీగాలి మీదా, చీలమండ ఎముకల మీదా, మడమ వెనకా ఒరిపిడి పెడుతుంది.

భారత ఐస్ హాకీ సంఘం 1989లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. లద్దాఖ్‌లో చలికాలం గడ్డకట్టే చెరువుల మీద, షిమ్లాలో 1920 నుంచి ఉన్న సహజ మంచు రింకులో, 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఇండోర్ రింకులో మన దేశపు మంచు ఆటలు సాగుతున్నాయి. 2018లో కెనడా ఒలింపిక్ తార హేలీ వికెన్‌హైజర్ హాకీ సామగ్రితో లేహ్ వచ్చి అక్కడి పిల్లలకు ఆట నేర్పింది. విరాళంగా వచ్చే స్కేట్లతో ఆట మొదలవుతుంది, అది పెద్ద మేలే. అయితే అందినదాన్ని తొడుక్కునే చోట సైజు, వెడల్పు కుదరక పాదాలు పుండ్లు పడటమూ మామూలే. అలాంటి వనరులతో ఎదిగిన భారత మహిళల జట్టు 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. అదే ఏడాది లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో హైదరాబాద్ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీ షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో తెలంగాణకు స్వర్ణం తెచ్చింది.

తెలుగు ఊళ్లలో స్కేటు అంటే చక్రాలదే ఎక్కువ. హైదరాబాద్ ఇందిరా పార్కు, విశాఖ వుడా పార్కు రింకుల్లో తరాలుగా పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు గెలిచిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగ్‌లోనే పేరు తెచ్చుకున్నాడు. చక్రాల స్కేట్లలో అద్దెకిచ్చేవీ, సైజు సాగదీసుకునేవీ ఎక్కువ. పదిమంది కాళ్లకు సాగిన బూటు పదకొండోవాడి మడమను పట్టి ఉంచలేదు.

మన పాదం, వాళ్ల అచ్చు

బూటును ఒక అచ్చు మీద కుడతారు. ఆ అచ్చు ఎవరి పాదాన్ని చూసి చెక్కారన్నదే అసలు ప్రశ్న. చెప్పులు లేకుండానో, వేళ్లు విప్పుకుని ఉండే చెప్పులతోనో పెరిగిన పాదం ముందుభాగం వెడల్పుగా ఎదుగుతుంది. భారతదేశంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లను, బూట్లు వేసుకునేవాళ్లను, పాశ్చాత్యులను పోల్చి బెల్జియం పరిశోధకుడు క్రిస్టియాన్ దావూ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతే తేల్చింది. ఉత్తకాళ్లతో తిరిగేవాళ్ల పాదాలు వెడల్పుగా ఉన్నాయి. నడిచేటప్పుడు బరువు ఒకచోటే పడకుండా అరికాలంతా సర్దుకుంది.

అంతకుముందు 1992లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు మన దేశంలో 4 నుంచి 13 ఏళ్ల మధ్య వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి చదునుపాదం ఉంటే, వాడనివాళ్లలో అది 2.8 శాతమే. వేళ్లను మూసేసే బూట్లు వాడినవాళ్లలో సమస్య మరింత ఎక్కువగా కనిపించింది. దీన్నిబట్టి ఉత్తకాళ్లతో హాకీ ఆడమని కాదు. ఆట లేని వేళల్లో పిల్లల పాదాలకు స్వేచ్ఛ ఇవ్వడం మంచిదని మాత్రం అర్థం చేసుకోవచ్చు.

చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. యూరపు, అమెరికా వాళ్ల పాదాలకన్నా మన పాదాలు వెడల్పని తేలింది. దుకాణంలో దొరికే సన్నని బూటు పట్టక చాలామంది పొడవులో ఒక సైజు పెద్దది కొంటున్నారనీ, వదులుగా ఉన్నదాన్ని లేసులతో గట్టిగా బిగించుకుంటున్నారనీ కూడా బయటపడింది. ఈ కొలతల ఆధారంగా భారతీయుల కోసం ‘భ’ పేరుతో కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు.

హాకీ ఆటగాడి కష్టాలన్నీ ఆ ఒక్క సర్దుబాటులో దాగున్నాయి. వెడల్పు కోసం పొడవు పెంచితే మడమ వదులవుతుంది, మడమ ఎగిరెగిరి పడి బొబ్బలెక్కుతుంది. దాన్ని ఆపాలని లేసు బిగిస్తే మీగాలు నలుగుతుంది. అచ్చం పొడవుకు సరిపడే సన్న బూటు కొంటే చిటికెన వేలు మడతపడి ఆనె కాస్తుంది.

నొప్పి ఎక్కడ, కారణం ఏమిటి

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, నూటికి పైగా కండరాలు, స్నాయువులు ఉన్నాయి. నొప్పి సరిగ్గా ఏచోట ఉందో వేలు పెట్టి చూపగలిగితే కారణం సగం దొరికినట్టే.

వేళ్ల కొసల్లో: బొటనవేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టి నల్లబడటం టర్ఫ్ ఆటగాళ్లకు బాగా తెలిసిన బాధ. బూటు పొట్టిదైనా, వదులుగా ఉండి పాదం ముందుకు జారినా ఇదే జరుగుతుంది. మంచు స్కేటులో నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు కొసను తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లు వదులవ్వాలి. అలా కాకపోతే స్కేటు చిన్నదన్నమాట.

మునిపాదంలో: మూడో వేలికీ నాలుగో వేలికీ నడుమ మంట, తిమ్మిరి, బూటులో గులకరాయి ఉన్నట్టనిపించడం నరం నలుగుతోందనడానికి గుర్తులు. వైద్యులు దీన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు. బూటు విప్పి వేళ్లు రుద్దుకుంటే హాయిగా ఉండటం దీని ఆనవాలు. బొటనవేలి మొదటి కీలు పక్కకు పొడుచుకొచ్చే బనియన్‌కు సన్నని బూటు ఒక్కటే కారణం కాకపోవచ్చు, వంశపారంపర్యం కూడా ఉంటుంది. ఉన్న నొప్పిని మాత్రం ఇరుకు బూటు రెట్టింపు చేస్తుంది.

మీగాలి మీద: మంచు హాకీలో అందరినీ పట్టి పీడించేది ‘లేస్ బైట్’. పాదాన్ని పైకెత్తే స్నాయువులు చీలమండ మడత దగ్గర లేసుకీ, స్కేటు నాలుకకీ మధ్య నలిగి వాస్తాయి. నాలుక పాతబడి ఫోమ్ అణగారిపోయినా, బూటు లోతు చాలకపోయినా ఇది వస్తుంది. ముట్టుకుంటే నొప్పి, వేళ్లు పైకెత్తితే మరింత నొప్పి.

మడమలో: వెనకవైపు ఎముక ఉబ్బి గట్టి బొడిపెలా తయారయ్యే హాగ్లండ్ సమస్యకు గట్టి స్కేటు ఒరిపిడి దోహదం చేస్తుంది. మడమ అడుగున, పొద్దున్న వేసే మొదటి అడుగుల్లో పొడిచి, నడిచేకొద్దీ తగ్గి, సాయంత్రానికి మళ్లీ తిరగబెట్టేది ప్లాంటర్ ఫాషియైటిస్. అరికాలి వంపును పట్టి ఉంచే పొర మడమ ఎముకను అంటిపెట్టుకునే చోట దెబ్బతినడమే దీనికి కారణం. పిక్క కండరం బిగుసుకుపోయిన ఆటగాళ్లకు ఇది ఎక్కువ.

అరికాలి వంపులో: కొత్తగా స్కేటింగ్ నేర్చేవాళ్లకు పది నిమిషాల్లోనే అరికాలు పట్టేస్తుంది. సన్నని బ్లేడు మీద నిలదొక్కుకునే కంగారులో వేళ్లతో బూటు అడుగును పట్టుకోబోతారు. పాదంలోని చిన్న కండరాలు విడుపు లేకుండా పనిచేసి అలసిపోతాయి. నిలకడ వచ్చాక ఇది దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే లోపలి అట్ట, అదే ఇన్‌సోల్, వంపుకు ఆసరా ఇవ్వట్లేదని అనుమానించాలి.

ఎంపిక, కొలత

పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత అప్పుడే తీసుకోవాలి. నేల మీద కాగితం పరిచి, ఆటలో వేసుకునే మేజోడుతో నిలబడి, బరువంతా ఆ కాలి మీదే మోపి చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. రెండు కాళ్లూ కొలవాలి. ఒకటి రెండోదానికన్నా పెద్దదిగా ఉండటం మామూలే, బూటు పెద్ద కాలికి కొనాలి. పొడవు ఎంత ముఖ్యమో, వేళ్ల మొదట్లో వెడల్పు, చుట్టుకొలత అంత ముఖ్యం. గీసిన బొమ్మ మీద బూటు లోపలి అట్టను తీసి పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. పాదం గీత అట్ట అంచులు దాటితే ఆ బూటు ఇరుకు.

టర్ఫ్ షూలో పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మంచు స్కేటు లెక్క వేరు. మామూలు బూటు సైజుకన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువది సరిపోతుంది. సైజు అంకె చూసి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పేరున్న స్కేటు కంపెనీలు ఒకే పొడవులో రెండు మూడు వెడల్పులు, లోతులు చేస్తున్నాయి. లోతు చూడటానికి ఆటగాళ్లు పాటించే సులువైన పద్ధతి ఒకటుంది. లేసు కట్టకుండా స్కేటు తొడిగి, నాలుకను ముందుకు వంచి, పైనుంచి మూడో జత రంధ్రాల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టాలి. పెన్సిల్ మీగాలిని తాకకుండా రెండు అంచుల మీద నిలిస్తే లోతు చాలినట్టే. కాలిని తాకి పైకి లేచిందంటే ఆ స్కేటులో లేస్ బైట్ తప్పదు.

ఇరుకు స్కేటుతో గొప్పగా ఆడినవాళ్లు లేకపోలేదు. కెనడా డిఫెన్స్‌మన్ పాల్ కాఫీ తన కాలి సైజుకన్నా బాగా చిన్న స్కేట్లతో ఆడేవాడు. మరో కెనడా తార బాబీ ఓర్ మేజోళ్లే వేసుకునేవాడు కాదు. కానీ వాళ్ల స్కేట్లను దగ్గరుండి సరిచేసే నిపుణులు జట్టు వెంటే ఉండేవాళ్లు. రాయ్‌పూర్‌లోనో, రాజ్‌నంద్‌గావ్‌లోనో హాస్టల్లో ఉండి ఆడే పదిహేనేళ్ల పిల్లకు ఆ సదుపాయం ఉండదు.

లేసు ఎక్కడ బిగించాలి

బూటులో పాదాన్ని పట్టి ఉంచాల్సిన చోటు మడమ, చీలమండ. వేళ్ల దగ్గర లేసు వదులుగా, వేళ్లు ఆడించుకునేంతగా ఉండాలి. మీగాలి నడుమ మామూలుగా, చీలమండ వంపు దగ్గర గట్టిగా బిగించాలి. స్కేటుకైతే పైన చివరి రంధ్రం దగ్గర మళ్లీ కాస్త వదలాలి, లేకపోతే మోకాలు ముందుకు వంగదు. లేసు కట్టేముందు మడమతో నేలను రెండుసార్లు తన్ని, పాదాన్ని వెనక్కి కూర్చోబెట్టుకోవాలి. ఈ చిన్న పని చేయకుండా ఎంత బిగించినా లాభం లేదు.

టర్ఫ్ షూలో మడమ లేస్తుంటే పైన అదనంగా ఉండే రంధ్రాన్ని వాడుకోవాలి. లేసును అదే వైపు రెండు రంధ్రాల్లోంచి తీసి ఉంగరంలా వదిలి, ఎదుటి లేసును ఆ ఉంగరంలోంచి లాగి కడితే మడమ కదలదు. మీగాలి మీద ఒకేచోట నొప్పి ఉంటే ఆ చోటి రంధ్రాలను వదిలేసి, పైదానికీ కిందిదానికీ లేసు వేసుకోవాలి. మైనం పూసిన లేసులు ముడి జారకుండా పట్టి ఉంచుతాయి. అయితే తెలియకుండానే అతిగా బిగించేసే ప్రమాదమూ వాటితో ఉంది. బిగించాక వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి.

కొత్త స్కేటును కాలికి అచ్చువేయడం

ఇప్పటి మంచు స్కేట్లలో చాలావాటిని వేడి చేసి కాలి ఆకారానికి తెచ్చుకోవచ్చు. దుకాణంలోని ప్రత్యేక ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక తొడిగి, లేసులు జాగ్రత్తగా కట్టి, చల్లారేదాకా కదలకుండా కూర్చోబెడతారు. తర్వాత ఒక రోజంతా వాటిని వాడరు. ఇంటి ఓవెన్‌లో ఈ పని చేస్తే బంక ఊడి, బ్లేడు పట్టే భాగం పాడయ్యే ప్రమాదం ఉంది. వేడి చేయడానికి వీల్లేని స్కేట్లు కూడా ఉంటాయి కాబట్టి తయారీదారు రాసిన సూచనలు చదవాలి. ఒకచోట మాత్రమే ఎముక ఒత్తుకుంటుంటే మొత్తం బూటును వేడి చేయనక్కర లేదు. ఆ చోటును మాత్రం వేడి చేసి పరికరంతో బయటికి నొక్కుతారు.

టర్ఫ్ షూకు ఈ అవసరం లేదు. మొదటి వారం ఇంట్లో, ప్రాక్టీసులో అరగంట, గంట చొప్పున వేసుకుంటూ పోవాలి. కొత్త జత తొలిసారి తొడగడానికి మ్యాచ్ రోజు తగినది కాదు.

ఎండ, తడి, మేజోళ్లు

ఎండలో ఆరిన కృత్రిమ టర్ఫ్ గాలికన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. అంతర్జాతీయ మైదానాల్లో ఆటకు ముందు టర్ఫ్‌ను నీళ్లతో తడుపుతారు. తడిస్తే నేల చల్లబడుతుంది, కానీ మేజోడు తడిసిపోతుంది. నానిన చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది. రాయ్‌పూర్ వానాకాలంలోనూ ఇదే ఇబ్బంది. నూలు మేజోడు చెమటను పీల్చుకుని అలాగే ఉంటుంది కాబట్టి, చెమటను బయటికి లాగే సింథటిక్ లేదా ఉన్ని కలిసిన మేజోడు మేలు. స్కేటులో మందపు మేజోళ్లు వద్దు, సన్ననిది ఒక్కటి చాలు. మందం పెరిగితే లోపల పాదం కదులుతుంది, చలి కూడా ఎక్కువగా తెలుస్తుంది. ఆట సగంలో మేజోడు మార్చుకునే వీలుంటే బొబ్బలు బాగా తగ్గుతాయి. ఒరుసుకునే చోట్ల ముందుగానే వాజిలైన్ రాయడం, టేపు వేయడం పాత పద్ధతులే, ఇప్పటికీ పనిచేస్తాయి.

ఆట అయ్యాక బూటు లోపలి అట్ట బయటికి తీసి, బూట్లో వార్తాపత్రిక కాగితం కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది, బంక వదులుతుంది. తడి బూటునే మర్నాడు తొడిగితే వేళ్ల సందుల్లో తామర పట్టుకుంటుంది. రోజూ ఆడేవాళ్లకు రెండు జతలుండి మార్చి మార్చి వేసుకోగలిగితే మంచిది.

పెరిగే పాదాలు

అమ్మాయిల పాదం 11 ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయిలది 15, 16 ఏళ్లకు గరిష్ఠ పరిమాణానికి చేరుతుందని తోళ్ల పరిశోధన సంస్థ సర్వే చెబుతోంది. హాకీ అకాడమీల్లో పిల్లలు చేరేది సరిగ్గా ఈ ఎదిగే వయసులోనే. రెండేళ్లు వస్తుందని రెండు సైజులు పెద్ద బూటు కొనడం, అన్న విడిచిన జతను తమ్ముడికి తొడగడం మన ఇళ్లలో రివాజు. ఆటకు ఇది పనికిరాదు. మూడు నెలలకోసారి లోపలి అట్ట మీద పిల్లవాడిని నిలబెట్టి చూడాలి. వేళ్లు అంచుకు చేరితే కొత్త జత కావాల్సిందే.

8 నుంచి 14 ఏళ్ల పిల్లలు పరుగెత్తాక మడమ నొప్పి అంటే సాకు అనుకోకూడదు. మడమ ఎముక ఇంకా ఎదిగే చోట పిక్క కండరం లాగడం వల్ల వచ్చే సీవర్స్ వ్యాధి ఈ వయసులో తరచూ కనిపిస్తుంది. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే పిల్లవాడు నొప్పితో కాలు లాక్కుంటాడు. ఆట తగ్గించి, మడమ కింద మెత్తటి ప్యాడు పెట్టి, పిక్కను సాగదీసే వ్యాయామాలు చేయిస్తే ఎదుగుదల పూర్తయ్యేసరికి పోతుంది.

ఉపశమనం

బొబ్బ చిన్నదైతే చిదపకూడదు. పై చర్మమే దానికి కట్టు. సబ్బు నీళ్లతో కడిగి, మధ్యలో రంధ్రం చేసిన మెత్తటి ప్యాడు చుట్టూ అతికిస్తే ఒత్తిడి పడదు. దానంతటదే పగిలితే చర్మం పీకేయకుండా శుభ్రం చేసి కట్టు కట్టాలి. ఆనెను బ్లేడుతో కోసుకోవడం ప్రమాదం. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి గరుకు రాయితో నెమ్మదిగా రుద్దాలి. అంతకన్నా ముందు, ఆనె కాయించిన బూటును మార్చాలి.

లేస్ బైట్‌కు కొన్నాళ్లు విశ్రాంతి, నొప్పి ఉన్నచోట లేసు వదలడం, నాలుక కింద జెల్ ప్యాడు పెట్టడం మందులు. మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెడితే వాపు తీస్తుంది. చర్మానికి నేరుగా తాకించకూడదు. మునిపాదం మంటకు వేళ్ల మొదలుకు కాస్త వెనకగా పెట్టే చిన్న ప్యాడు నరం మీద ఒత్తిడి తగ్గిస్తుంది. మడమ పోటుకు మంచం దిగకముందే తువ్వాలును మునిపాదానికి తగిలించి దగ్గరికి లాక్కోవడం, గోడకు చేతులు ఆన్చి పిక్కను సాగదీయడం, గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం బాగా పనిచేస్తాయి. వీటి ఫలితం రోజుల్లో కాదు, వారాల్లో కనిపిస్తుంది. నొప్పి మాత్ర మింగి మ్యాచ్ ఆడితే నొప్పి తెలియకపోవచ్చు, గాయం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

వైద్యుణ్ని చూడాల్సిన వేళ

దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత వైద్యుడు చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులైనా వేయలేకపోతే, లేదా చీలమండ దగ్గరి ఎముకల మీదో, పాదం నడుమ చిటికెన వేలి వైపు ఎముక మొదట్లోనో, లోపలి వైపు వంపు పైనున్న ఎముక మీదో నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. 1990ల్లో కెనడాలో రూపొందిన ఒటావా నియమాలు చెప్పేది ఇదే. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాముల బరువుండే గట్టి వస్తువు; దగ్గరి నుంచి పాదానికి తగిలితే చిన్న ఎముక విరగడం వింత కాదు.

దెబ్బ తగలకుండానే ఎముక మీద ఒకేచోట నొప్పి మొదలై, రోజురోజుకూ పెరిగి, విశ్రాంతిలోనూ బాధిస్తుంటే అలసట వల్ల ఎముకలో వచ్చే సన్నని చీలికను అనుమానించాలి. తొలి వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐ అవసరమవుతుంది. బొటనవేలు వెనక్కి విరుచుకుని కీలు వాచినా, బొబ్బ చుట్టూ ఎర్రబడి వేడెక్కి చీము పట్టినా, గోరు కింద నెత్తురు చేరి సలుపుతున్నా ఆలస్యం చేయకూడదు. గోరుకు సన్నని రంధ్రం చేసి నెత్తురు తీసేయడం వైద్యుడి చేతుల్లో నిమిషాల పని, ఇంట్లో కాల్చిన సూదితో చేయాల్సింది కాదు. మధుమేహం ఉన్న సీనియర్ ఆటగాళ్లకు, శిక్షకులకు పాదంలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. వాళ్లు ఆనెకు మందు పట్టీలు సొంతంగా వేసుకోకూడదు, చిన్న పుండైనా వెంటనే చూపించాలి. రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో ఎముకల విభాగం, ఫిజికల్ మెడిసిన్ విభాగం రెండూ ఉన్నాయి. అక్కడికైనా, దగ్గర్లోని ఏ వైద్యుడి దగ్గరికైనా వెళ్లేటప్పుడు నొప్పి పుట్టించిన బూటును కూడా వెంట తీసుకెళ్లాలి. అడుగు ఏ పక్క అరిగిందో, లోపలి అట్ట మీద ఏ వేలి గుర్తు లోతుగా పడిందో చూస్తే వైద్యుడికి రోగ నిర్ధారణ సులువవుతుంది.